650 డాలర్లకు మా కాంట్రాక్ట్ చదివిపెట్టే లాయరు గారు: ఏడాదిన్నర అనుభవం

మాది టెక్సాస్‌లో డాలస్ పక్కన ఇర్వింగ్. మా ఆయన, నేను కలిసి డ్రైవాల్ (జిప్సం బోర్డు గోడలు), పెయింటింగ్ సబ్‌కాంట్రాక్ట్ పనులు చేసే చిన్న కంపెనీ నడుపుతున్నాం. పని ఎక్కువున్నప్పుడు పద్నాలుగు మంది, లేనప్పుడు ఆరుగురు. సైట్ అంతా ఆయన చూసుకుంటారు. బిడ్లు, బిల్లులు, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్లు, కాంట్రాక్ట్ కాగితాలు నా బాధ్యత. ఏడాదిన్నరగా ఆ కాగితాలను సంతకానికి ముందు డాలస్‌లో ఒక చిన్న లా ఆఫీసుకు పంపి చదివిస్తున్నాను. కన్‌స్ట్రక్షన్ తప్ప వేరే కేసులు పట్టని ఆఫీసు అది. ఈ రివ్యూ ఆ సేవ గురించి. లాయరు గారి అనుమతి అడగలేదు కాబట్టి పేరు రాయడం లేదు. ఇలాంటి సేవ మీ ఊళ్ళో వెతుక్కునేటప్పుడు ఏం అడగాలో తెలిస్తే చాలని నా ఉద్దేశం.

జీసీ (మాకు పని ఇచ్చే జనరల్ కాంట్రాక్టర్) పంపిన సబ్‌కాంట్రాక్ట్‌ను పీడీఎఫ్‌గా పంపాలి. 40 పేజీల లోపు అయితే 650 డాలర్లు. గంటల లెక్క లేదు. నాలుగు పనిదినాల్లో ఎర్ర రంగులో మార్పులు చేసిన వర్డ్ ఫైలు, రెండు పేజీల నోటు వస్తాయి. తర్వాత 45 నిమిషాలు ఫోన్లో మాట్లాడతారు. జీసీ ఇంకేదైనా మార్చి తిప్పి పంపితే ఆ రెండో విడతకు 225 అదనం. ఇప్పటికి ఏడు కాంట్రాక్ట్‌లు చూపించాం, మూడింటికి రెండో విడత పట్టింది. మొత్తం 5,225 డాలర్లు కట్టాం.

మా లాంటి కంపెనీకి ఇది చిన్న మొత్తం కాదు. అయినా ఎందుకు కడుతున్నానో చెప్పాలంటే ప్లానో హోటల్ పని గురించి చెప్పాలి.

మూడేళ్ళ కిందట ఇక్కడే డాలస్ దగ్గర ప్లానోలో ఒక హోటల్ గదులు కొత్తగా చేసే పని దొరికింది. జీసీది జార్జియా. కాంట్రాక్ట్ 27 పేజీలు. నేను రేటు చూశాను, పని పరిధి చూశాను, బిల్లు ఎప్పుడు పెట్టాలో చూశాను, ఇన్సూరెన్స్ పేజీ మా ఏజెంటుకు పంపాను. 24వ పేజీలో రెండు వాక్యాలు ఉన్నాయి: ఈ ఒప్పందానికి జార్జియా రాష్ట్ర చట్టం వర్తిస్తుంది, తగాదా ఏదైనా వస్తే ఫుల్టన్ కౌంటీ (అట్లాంటా ఉన్న కౌంటీ) కోర్టుల్లోనే తేల్చుకోవాలి. అవీ చదివాను. బాపట్లలో నాన్న చిన్న చిన్న సివిల్ పనులు చేసేవారు. సిమెంటు కొట్టు బిల్లు మీదా, ఇనుము బిల్లు మీదా అడుగున 'సబ్జెక్ట్ టు గుంటూరు జూరిస్‌డిక్షన్' అని అచ్చు వేసి ఉండేది. దాన్ని ఎవరైనా పట్టించుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఇదీ అలాంటిదే అనుకుని సంతకం పెట్టేశాను.

పని అయింది, పంచ్ లిస్ట్ (చివర్లో మిగిలిన చిన్న చిన్న సవరణల జాబితా) కూడా పూర్తి చేసి ఇచ్చాం. రిటైనేజ్ (పని పూర్తయ్యేదాకా బిల్లులో ఆపి ఉంచే సొమ్ము) 22,600, చేంజ్ ఆర్డర్ల (తర్వాత చెప్పిన మార్పుల) తాలూకు 15,800, మొత్తం 38,400 డాలర్లు ఆగిపోయాయి. ఐదు నెలలు ఈమెయిళ్ళు పెట్టాను. చివరికి వాళ్ళ ఆఫీసులో ఒకాయన ఫోన్లో చాలా మామూలుగా, "మీకు అంత అన్యాయం జరిగిందనిపిస్తే అట్లాంటాలో కేసు వేసుకోవచ్చు, కాంట్రాక్ట్‌లో ఉంది కదా" అన్నాడు. ఆ రాత్రి మా ఆయన, నేను వంటింటి బల్ల దగ్గర కూర్చుని లెక్క వేశాం. అట్లాంటా ఇక్కణ్నుంచి దాదాపు 800 మైళ్ళు. అక్కడి లాయరు ఫైలు తెరవడానికే 7,500 అడిగాడు. విమానాలు, హోటళ్ళు, సైట్ వదిలి వెళ్ళే రోజులు వేరే. వాళ్ళు 21,000 ఇస్తామన్నారు. తీసుకుని, ఇక ఏ బాకీ లేదని రాసి ఇచ్చేశాం. 17,400 పోయింది. ఆ ఏడాది డిసెంబరులో మా కుర్రాళ్ళకు బోనస్ ఇవ్వలేకపోయాం. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది అదే.

ఈ లాయరు గారి దగ్గరికి మొదటిసారి వెళ్ళినప్పుడు, కొత్త కాంట్రాక్ట్‌తో పాటు ఆ పాతది కూడా పట్టుకెళ్ళాను. ఆవిడకు అరవై దాటి ఉంటాయి. 24వ పేజీ తిప్పి, కళ్ళద్దాలు తీసి, "హోటల్ ప్లానోలోనే కదా?" అని అడిగారు. అవునన్నాను. "అయితే ఈ రెండు వాక్యాలూ మీరు వద్దంటే నిలిచేవి కావు. ఒక ఉత్తరం రాసి ఉంటే సరిపోయేది" అన్నారు.

ఆ మాట తర్వాత కాసేపు నాకు ఏమీ వినపడలేదు.

టెక్సాస్‌లో బిజినెస్ అండ్ కామర్స్ కోడ్ అని ఒక చట్టం ఉంది. అందులో సెక్షన్ 272.001. టెక్సాస్‌లోని ఆస్తికి సంబంధించిన నిర్మాణ కాంట్రాక్ట్‌లో వేరే రాష్ట్రం చట్టం వర్తిస్తుందనో, వేరే రాష్ట్రం కోర్టులో కేసు నడపాలనో, వేరే రాష్ట్రంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు చెప్పే పద్ధతి) జరగాలనో రాస్తే, పని చేసే పక్షం ఆ షరతును రద్దు చేసుకోవచ్చు. 2017లో ఈ సెక్షన్‌ను తిరగరాశారు. ఈ హక్కు పని చేసే వాళ్ళదని ఇప్పుడు స్పష్టంగా ఉంది. పని చేయించుకునే వాళ్ళకు ఆ హక్కు లేదు.

లాయరు గారు నాతో రెండుసార్లు తిరిగి చెప్పించిన విషయం ఇక్కడే ఉంది. కొన్ని రాష్ట్రాల చట్టాలు ఇలాంటి షరతు 'చెల్లదు' అంటాయి. ఒహాయో, నార్త్ కరోలినా, ఇల్లినాయిస్ అలాంటివి. అక్కడ ఆ వాక్యం కాగితం మీద ఉన్నా లేనట్టే. టెక్సాస్ అలా అనదు. 'మీరు వద్దంటే చెల్లదు' అంటుంది. మీరు ఏమీ అనకపోతే ఆ వాక్యం అలాగే బతికి ఉంటుంది. పిలిచిన చోటికల్లా వెళ్ళి అక్కడి కోర్టులో వాదించడం మొదలుపెడితే, ఒప్పుకున్నట్టే లెక్క వేసే ప్రమాదం ఉంది. కాబట్టి గొడవ మొదలైన మొదటి వారంలోనే కాగితం మీద పెట్టాలి: ఫలానా సెక్షన్ కింద ఫలానా క్లాజును మేము రద్దు చేసుకుంటున్నాం అని. ఆ ఉత్తరం నమూనా ఆవిడ మొదటి ప్యాకేజీలోనే ఇచ్చారు. పదకొండు లైన్లు. దానికి విడిగా డబ్బు తీసుకోలేదు.

చట్టం మన పక్షాన ఉండి కూడా, ఉందని తెలియక 17,400 వదులుకున్నాం. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం అదే.

ఇక సేవ నాణ్యత. మొదటి కొత్త కాంట్రాక్ట్ ఫ్రిస్కోలో ఒక డెంటల్ క్లినిక్‌ది. జీసీది టెనెసీ. టెనెసీ చట్టం, నాష్‌విల్‌లో ఆర్బిట్రేషన్ అని రాసి ఉంది. 'టెక్సాస్ సెక్షన్ ఉంది కదా, అలాగే వదిలేసి తర్వాత రద్దు చేసుకుందాం' అని నేను అడిగాను. ఆవిడ ఒప్పుకోలేదు. అందుకు చెప్పిన కారణం విన్నాకే ఈ ఆఫీసు మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది.

ఆర్బిట్రేషన్ షరతు ఉంటే కథ మారిపోతుంది. 1925 నుంచి ఉన్న ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) ఆర్బిట్రేషన్ చట్టం, రాష్ట్రాల మధ్య వ్యాపారానికి సంబంధించిన ఒప్పందాల్లో ఆర్బిట్రేషన్ షరతును రాసినట్టే అమలు చేయమంటుంది. రాష్ట్ర చట్టం దానికి అడ్డం వస్తే ఫెడరల్ చట్టానిదే పైచేయి. మన పక్క రాష్ట్రం లూసియానాకూ ఇలాంటి చట్టమే ఉంది. దాన్ని చూపించి, హ్యూస్టన్‌లో జరగాల్సిన ఆర్బిట్రేషన్‌ను ఆపాలని ఒక లూసియానా కాంట్రాక్టర్ ప్రయత్నిస్తే, 2001లో ఐదవ సర్క్యూట్ ఫెడరల్ అప్పీల్ కోర్టు కుదరదంది. టెక్సాస్ కూడా ఆ సర్క్యూట్ కిందకే వస్తుంది. అంటే మన సెక్షన్‌లో 'ఆర్బిట్రేషన్' అన్న మాట ఉన్నా, నాష్‌విల్ క్లాజు మీద అది పనిచేస్తుందని ధీమాగా ఉండడానికి లేదు. సంతకానికి ముందే కొట్టించుకోవాలి.

ఫెడరల్ కోర్టు సంగతి కూడా ఆవిడే చెప్పారు. వర్జీనియా కంపెనీ ఒకటి టెక్సాస్‌లోని ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో పిల్లల సంరక్షణ కేంద్రం కట్టే పని తీసుకుని, కొంత పనిని టెక్సాస్ సబ్‌కాంట్రాక్టర్‌కు ఇచ్చింది. తగాదాలు వర్జీనియాలోని నార్‌ఫోక్ కోర్టుల్లో తేల్చుకోవాలని కాంట్రాక్ట్‌లో ఉంది. డబ్బు విషయంలో గొడవ వచ్చి సబ్ టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టుకు వెళ్ళాడు. అది సుప్రీం కోర్టు దాకా పోయింది. 2013 డిసెంబరులో తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాటగా తీర్పు ఇచ్చారు, రాసింది జస్టిస్ అలీటో. కోర్టు ఎక్కడో చెప్పే క్లాజు చెల్లుబాటయ్యేదైతే, చాలా అరుదైన సందర్భాల్లో తప్ప దాన్నే పాటించాలి. నాకు దూరం, నా సాక్షులు ఇక్కడే ఉన్నారు అన్న ఇబ్బందులను కోర్టు ఇక లెక్కలోకి తీసుకోదు, సంతకం పెట్టినప్పుడే అవి ఒప్పుకున్నట్టు. దీన్ని అట్లాంటిక్ మెరైన్ కేసు అంటారు. 'చెల్లుబాటయ్యేదైతే' అన్న షరతు మీద మన సెక్షన్‌కు ఇంకా చోటు ఉంది, కానీ అది వాదించి గెలవాల్సిన చోటు అన్నారు లాయరు గారు. వేరే రాష్ట్రం కంపెనీతో తగాదా 75,000 డాలర్లు దాటితే అవతలి వాళ్ళు కేసును ఫెడరల్ కోర్టుకు లాగగలరు. మా హోటల్ బాకీ 38,400 కాబట్టి ఆ దారి కూడా వాళ్ళకు ఉండేది కాదు. అది విన్నప్పుడు మా ఆయన ముఖం చూడలేకపోయాను.

ఫ్రిస్కో కాంట్రాక్ట్‌లో ఆవిడ చేసిన మార్పు చాలా చిన్నది. టెనెసీ చట్టం కొట్టేసి 'ప్రాజెక్ట్ ఉన్న చోటి చట్టం' అని రాశారు. నాష్‌విల్ కొట్టేసి 'ప్రాజెక్ట్ ఉన్న చోట' అని రాశారు. పక్కన ఒక వ్యాఖ్య పెట్టారు: ఏఐఏ వాళ్ళ ఏ201 జనరల్ కండిషన్స్, 2017 ప్రతిలో 13.1, 15.4.1 కూడా ఇదే చెబుతాయి అని. ఏఐఏ అంటే అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్. వాళ్ళ ఫారాలు ఈ దేశంలో నిర్మాణ రంగంలో అందరికీ తెలిసినవే. ఆ ఒక్క వ్యాఖ్య వల్ల మేము అడిగింది గొంతెమ్మ కోరిక కాదని, పదిమంది ఒప్పుకున్న పద్ధతేనని జీసీకి అర్థమైంది. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. ఆర్బిట్రేషన్ తీసేయడానికి ఒప్పుకోలేదు. చట్టం టెక్సాస్‌ది, ఆర్బిట్రేషన్ జరిగే చోటు ఫ్రిస్కో అన్నదానికి ఒప్పుకున్నారు. నాకు అది చాలు.

చాలామంది కలిపేసే సంగతి ఒకటి ఉంది, నేనూ కలిపేసేదాన్ని. ఎక్కడ కొట్లాడాలి అన్నది ఒకటి, ఎవరి చట్టం కింద కొట్లాడాలి అన్నది ఇంకొకటి. రెండోది కేవలం పుస్తకాల తేడా అనుకునేదాన్ని. లాయరు గారు మా హోటల్ బాకీ మీదే లెక్క వేసి చూపించారు. టెక్సాస్ ప్రాంప్ట్ పే చట్టం ప్రకారం ఓనర్ దగ్గర డబ్బు అందాక జీసీ ఏడు రోజుల్లో సబ్‌కు ఇవ్వాలి. ఆలస్యమైతే నెలకు 1.5 శాతం వడ్డీ. జార్జియాలో పది రోజులు, నెలకు 1 శాతం. 38,400 మీద నెలకు 576 డాలర్లు ఒకచోట, 384 ఇంకోచోట. గెలిస్తే లాయరు ఫీజు ఎవరు కట్టాలన్నదీ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో కాంట్రాక్ట్ బాకీ గెలిచినవాడు సహేతుకమైన ఫీజు రాబట్టుకోవచ్చు, 2021లో సవరించాక ఎల్‌ఎల్‌సీల (లిమిటెడ్ లయబిలిటీ కంపెనీల) నుంచి కూడా. ఇంకా పెద్దది: 'ఓనర్ మాకు ఇస్తేనే మీకు ఇస్తాం' అన్న షరతు. కాలిఫోర్నియా, న్యూయార్క్ కోర్టులు దాన్ని ఒప్పుకోవు. టెక్సాస్ కొన్ని హద్దులతో ఒప్పుకుంటుంది. చట్టం పేరు మారితే మన డబ్బు మొత్తమే మారిపోవచ్చు.

ఇంకో కాంట్రాక్ట్ మెకిన్నీలో ఆఫీసు భవనానిది, జీసీది హ్యూస్టన్. టెక్సాస్ చట్టమే, కానీ కోర్టు మాత్రం హారిస్ కౌంటీ (హ్యూస్టన్ ఉన్న కౌంటీ) అని ఉంది. అంటే మాకు నాలుగు గంటల డ్రైవ్. రాష్ట్రం ఒకటే కాబట్టి 272.001 ఇక్కడ పనిచేయదు. నేను దిగులు పడ్డాను. ఆవిడ నోటులో ఇచ్చిన వివరణ: టెక్సాస్‌లో కేసు ఏ కౌంటీలో వేయాలన్నది శాసనం చెబుతుంది, కాంట్రాక్ట్‌తో దాన్ని మామూలుగా మార్చలేరు. పది లక్షల డాలర్లకు తగ్గని పెద్ద లావాదేవీలకు మాత్రమే మినహాయింపు. మా పని విలువ 1,86,000. కాబట్టి దాని కోసం జీసీతో బేరం ఆడి మన పట్టు ఖర్చు చేసుకోవద్దు, రిటైనేజ్ పది నుంచి ఐదు శాతానికి దించమని అడగండి అన్నారు. అడిగాం, దించారు. దేనికి పట్టుబట్టాలో చెప్పడం ఒక ఎత్తు, దేన్ని వదిలేయాలో చెప్పడం ఇంకో ఎత్తు. 650 డాలర్లలో నాకు బాగా ఉపయోగపడింది ఈ రెండోదే.

ఇప్పుడు నచ్చనివి. నాలుగు పనిదినాలు అంటారు కానీ ఏడింటిలో రెండుసార్లు ఆరు రోజులు పట్టింది. ఒకసారి జీసీ శుక్రవారానికి సంతకం కావాలని ఒత్తిడి పెట్టాడు, ఆ రెండు రోజులు నాకు విపరీతమైన టెన్షన్. ఆఫీసులో ఫోన్ ఎత్తే అమ్మాయి మర్యాదగానే మాట్లాడుతుంది కానీ ఫైలు ఎంతవరకు వచ్చిందో చెప్పలేదు. మొదటి రెండు నోట్లు లాయరు భాషలోనే ఉన్నాయి. చదివితే నాకు సగమే అర్థమైంది. నేను చెప్పాక మూడో దాని నుంచి పైన ఐదు వాక్యాల్లో సారాంశం రాస్తున్నారు. అలా రాయమని ముందే అడగండి. రెండో విడతకు 225 అన్నది కూడా నాకు ఎక్కువే అనిపిస్తుంది, ఎందుకంటే చాలాసార్లు జీసీ మార్చేది ఒక్క పేరానే. ఇన్సూరెన్స్, ఇండెమ్నిటీ (నష్టం వస్తే ఎవరు భరించాలన్న షరతు) పేజీల మీద ఆవిడ నోటు పొడి పొడిగా ఉంటుంది. అది మా ఏజెంటుతో కలిసి నేనే చూసుకుంటున్నాను.

ఇంకో పరిమితి పెద్దది, కానీ దాన్ని లోపమని అనలేను. లైసెన్సు టెక్సాస్‌ది మాత్రమే. ష్రీవ్‌పోర్ట్‌లో ఒక పని వచ్చింది. ఇక్కణ్నుంచి ఐ-20 హైవే మీద మూడు గంటలు, మా కుర్రాళ్ళు వెళ్ళి వస్తామన్నారు. ఆ కాంట్రాక్ట్ పంపితే లాయరు గారు డబ్బు తీసుకోకుండా తిప్పి పంపారు. "లూసియానా చట్టం గురించి నేను మీకు చెప్పకూడదు, అక్కడి లాయరును చూసుకోండి" అని రెండు పేర్లు ఇచ్చారు. వాళ్ళలో ఒకరికి 900 కట్టాం. ఆయన చెప్పింది వింటే ఆవిడ ఎందుకు తిప్పి పంపారో తెలిసింది. లూసియానా చట్టం వేరే రాష్ట్రం కోర్టు క్లాజును చెల్లదంటుంది, టెక్సాస్ కంటే గట్టిగానే. కానీ పని లూసియానాలో ఉంటే సరిపోదు, రెండు పక్షాల్లో ఒకరు లూసియానా వాళ్ళయి ఉండాలి. ఆ జీసీదీ టెక్సాసే, మాదీ టెక్సాసే. కాబట్టి అది మాకు వర్తించదు. భవనం అక్కడ ఉంది కాబట్టి టెక్సాస్ సెక్షనూ వర్తించదు. కాగితం మీద ఏది రాస్తే అదే నిలుస్తుంది. టెక్సాస్‌లో నేర్చుకున్నదంతా సరిహద్దు దాటగానే పనికిరాకుండా పోయింది.

అప్పటి నుంచి వేరే రాష్ట్రాల్లో ఈ వ్యాపారంలో ఉన్న మనవాళ్ళతో మాట్లాడినప్పుడల్లా నేను మొదట ఇదే అడుగుతున్నాను: మీ చట్టం భవనాన్ని చూస్తుందా, మిమ్మల్ని చూస్తుందా? కాలిఫోర్నియాలో 410.42 అన్న సెక్షన్, కాంట్రాక్టర్‌కూ సబ్‌కాంట్రాక్టర్‌కూ మధ్య ఒప్పందాల గురించి. ఆ సబ్ ముఖ్య ఆఫీసు కాలిఫోర్నియాలో ఉండాలి, పనీ అక్కడే ఉండాలి. ఫ్లోరిడాలో 47.025, ఆ రాష్ట్రంలో నివాసం ఉన్న కాంట్రాక్టర్‌కు, సబ్‌కు, మెటీరియల్ ఇచ్చేవాడికి రక్షణ. టాంపాలో మా పెద్దమ్మ కొడుకు టైల్ పని చేస్తాడు, అన్నయ్యకు అది సరిగ్గా సరిపోతుంది. న్యూయార్క్ చట్టం అక్కడి నిర్మాణ కాంట్రాక్ట్‌లను కాపాడుతుంది కానీ, మెటీరియల్ మాత్రమే సరఫరా చేసేవాళ్ళను పక్కన పెట్టింది. న్యూజెర్సీ నుంచి న్యూయార్క్ సైట్లకు గ్రానైట్ పంపే మా స్నేహితురాలి భర్తకు ఆ సంగతి తెలియదు, నేను చెప్పాక తన లాయరును అడిగాడు. నేను లాయర్ని కాదు. నా మాట పట్టుకుని సంతకాలు పెట్టొద్దు, మీ లాయరును అడగాల్సిన ప్రశ్నలుగా తీసుకోండి.

మనదేశంలో పద్ధతి వేరు. నాన్న పోయే ముందు ఏడాది ఫోన్లో ఇదంతా చెబితే శ్రద్ధగా విన్నారు. 1971లో గ్యామన్ ఇండియా మీద హకమ్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు చెప్పినది అక్కడ ఇప్పటికీ ఆధారం: చట్టప్రకారం రెండు మూడు కోర్టులకు అధికారం ఉంటే అందులో ఒకదాన్ని ఎంచుకోవచ్చు, అసలు అధికారం లేని కోర్టుకు ఒప్పందంతో అధికారం ఇవ్వలేరు. అదీ నిర్మాణ కాంట్రాక్ట్ తగాదానే. నాన్నకు కేసు పేరు తెలియదు కానీ విషయం తెలుసు. "బిల్లు అడుగున అచ్చు వేసింది కూడా చదవాలమ్మా, నేనే నీకు చెప్పి ఉండాల్సింది" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలదు.

ఐదు నక్షత్రాలకు నేను నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఒకటీ ఆలస్యానికి. సంవత్సరానికి రెండు మూడు కాంట్రాక్ట్‌లు మాత్రమే చేసేవాళ్ళకు, అందునా జీసీ కూడా మీ ఊరివాడే అయితే, ప్రతిసారీ 650 పెట్టాల్సిన పని లేదు. ఒక్కసారి చూపించి, ఆ మార్పులను తర్వాతి వాటిలో మీరే అడగండి. జీసీ వేరే రాష్ట్రం వాడైతే మాత్రం తప్పకుండా చూపించండి. పంపేటప్పుడు మూడు విషయాలు మొదటి ఈమెయిల్లోనే రాయండి: భవనం ఏ కౌంటీలో ఉంది, మీ కంపెనీ ఏ రాష్ట్రంలో రిజిస్టర్ అయింది, జీసీ ముఖ్య ఆఫీసు ఎక్కడ. జీసీకి, ఓనర్‌కు మధ్య ఉన్న ప్రైమ్ కాంట్రాక్ట్ కూడా అడిగి జత చేయండి. 'ప్రైమ్ కాంట్రాక్ట్ షరతులన్నీ మీకూ వర్తిస్తాయి' అని సబ్‌కాంట్రాక్ట్‌లో ఒక్క లైను ఉంటుంది, వేరే రాష్ట్రం కోర్టు ఒక్కోసారి ఆ లైను వెనకాలే దాక్కుని ఉంటుంది. మా ఐదో కాంట్రాక్ట్‌లో అలాగే దొరికింది.

ఎనిమిదోది నిన్న వచ్చింది. ఫోర్ట్ వర్త్‌లో క్లినిక్, జీసీది కొలరాడో, 38 పేజీలు. నేను చివరి పేజీల నుంచి చదవడం మొదలుపెట్టాను. 33వ పేజీలో డెన్వర్ కనిపించింది. ఆ పేజీకి పసుపు చీటీ అంటించి, ఇందాకే లాయరు గారికి పంపాను. మంగళవారానికి నోటు వస్తుందన్నారు.